స్మూతింగ్ ఇకపై ఆఫ్‌లోనే: పాత ఆర్డర్లవాళ్ళకీ, కొత్తవాళ్ళకీ

మన దగ్గర డాస్ ఆటల మినీ పీసీ గానీ, పాత కంప్యూటర్‌ని కొత్త మానిటర్‌కి కలిపే స్కేలర్ పెట్టె గానీ తీసుకున్నవాళ్ళకి, ఆర్డరిచ్చి ఎదురుచూస్తున్నవాళ్ళకి ఈ కబురు. ఇప్పుడు ప్యాక్ అవుతున్న పీసీలన్నిట్లో హెచ్‌క్యూ2ఎక్స్ అనే స్మూతింగ్ ఫిల్టర్ (పిక్సెళ్ళ మెట్ల అంచుల్ని నునుపు చేసేది) ఆఫ్‌లో వస్తుంది. తీసేయలేదు, కావాలంటే ఆన్ చేసుకోవచ్చు. కాకపోతే "బొమ్మ మసగ్గా ఉంది, స్మూతింగ్ పెంచమంటారా?" అని వచ్చే ఫోన్లలో చాలావాటికి మందు ఫిల్టర్‌లో లేదు, లెక్కలో ఉంది.

వీజీఏ (అప్పటి పీసీల గ్రాఫిక్స్ ప్రమాణం) కాలపు డాస్ ఆటలు ఎక్కువగా 320×200. ఆ 200 గీతలు అప్పటి 4:3 తెర నిండా పరుచుకునేవి, అంటే ఒక్కో పిక్సెల్ ఎత్తు దాని వెడల్పుకి 1.2 రెట్లు. దీన్నే 1080 గీతల తెర నిండా సాగదీస్తే నిలువునా 5.4 రెట్లు, అడ్డంగా 4.5 రెట్లు. ప్యానెల్లో సగం పిక్సెల్ అంటూ ఉండదు కాబట్టి కొన్ని గీతలకి 5 వరుసలు, కొన్నిటికి 6 వరుసలు దక్కుతాయి. బొమ్మ కదలనంతసేపూ ఎవరూ పట్టించుకోరు. తెర పక్కకి జరిగే ఆటలో మాత్రం స్తంభాలు లావవుతూ సన్నబడుతూ కనిపిస్తాయి. దాన్ని కప్పిపుచ్చడానికి బైలీనియర్ (పక్క పిక్సెళ్ళ రంగుల్ని కలిపేసే ఫిల్టర్) వేస్తే అది పోయి మసక వస్తుంది. హెచ్‌క్యూ2ఎక్స్ వేసినా ఈ గొడవ తీరదు: అది బొమ్మని 640×400 దాకే తీసుకెళ్తుంది, అక్కణ్ణుంచి 1080కి మళ్ళీ 2.7 రెట్లు సాగదీయాల్సిందే.

ఇంట్లో మీరే సరిచేసుకోవచ్చు. డాస్‌బాక్స్ స్టేజింగ్ (డాస్ ఆటల్ని నడిపే ప్రోగ్రామ్) సెట్టింగుల ఫైల్లో ఇంటీజర్ స్కేలింగ్‌ని (పూర్ణసంఖ్య రెట్లే పెంచడం) వర్టికల్ అనీ, షేడర్‌ని (బొమ్మని తెరకి సర్దే చిన్న ప్రోగ్రామ్) షార్ప్ అనీ పెట్టండి. ఆస్పెక్ట్ కరెక్షన్ (4:3 ఆకారం నిలబెట్టేది) ఆన్‌లో ఉండాలి. అప్పుడు 200 గీతలు సరిగ్గా 5 రెట్లై 1000 అవుతాయి, పైనా కిందా 40 వరుసల చొప్పున నల్ల పట్టీ మిగులుతుంది. అడ్డంగా 1333 పిక్సెళ్ళు, అంటే సుమారు 4.17 రెట్లు, ఆ మిగులు తేడాని షార్ప్ షేడర్ పిక్సెళ్ళ అంచుల్లోనే సర్దేస్తుంది, లోపలి రంగు జోలికి పోదు. నల్ల పట్టీలు నచ్చనివాళ్ళున్నారు, తెలుసు. మా ఓటు మాత్రం పట్టీలకే. 2560×1440 మానిటర్ ఉంటే అదృష్టమే: అందులో 1600×1200 పడుతుంది, అడ్డంగా సరిగ్గా 5, నిలువునా సరిగ్గా 6, ఫిల్టర్ అవసరమే లేదు.

ఇక స్మూతింగ్ సంగతి. ఇది కొత్తదేం కాదు. 1992లో లూకాస్‌ఆర్ట్స్‌లో ఎరిక్ జాన్‌స్టన్ ఈపీఎక్స్ అనే స్మూతింగ్ పద్ధతి రాశాడు, 2001లో వచ్చిన స్కేల్2ఎక్స్‌దీ అదే ఫలితం. ఒక పిక్సెల్‌కి పైదీ ఎడమదీ ఒకే రంగై, పైదానికీ కిందదానికీ, ఎడమదానికీ కుడిదానికీ పోలిక లేకపోతే, ఆ పిక్సెల్‌ని నాలుగు ముక్కలు చేసి పై ఎడమ ముక్కకి పక్కవాటి రంగు పూస్తుంది. మిగతా మూడు మూలలకీ ఇదే సూత్రం. కొత్త రంగు ఒక్కటీ పుట్టించదు, అందుకే మాకు దానిమీద కాస్త మక్కువ. హెచ్‌క్యూ2ఎక్స్ అలా కాదు. చుట్టూ ఉన్న 8 పిక్సెళ్ళని చూసి, 256 నమూనాల పట్టికలో వెతికి, రంగులు కలిపి పూస్తుంది. కార్టూన్ బొమ్మల లావు గీతలకి అది బాగానే ఉంటుంది. 16 పిక్సెళ్ళ ఎత్తు మనిషికి కన్నంటే ఒకే ఒక్క పిక్సెల్. దాని మూలల్లోకి చర్మం రంగు కలిస్తే ముఖంలో కళ పోతుంది.

16 రంగుల ఈజీఏ (వీజీఏకి ముందటి ప్రమాణం) ఆటల్లో ఇంకో తంటా ఉంది. ఆకాశానికి మధ్యరంగు దొరక్క, రెండు రంగుల పిక్సెళ్ళని చదరంగం గళ్ళలా పేర్చేవాళ్ళు. కచ్చితమైన గళ్ళని స్కేల్2ఎక్స్ ముట్టుకోదు, ఎందుకంటే అక్కడ పైదీ కిందదీ ఒకటే. ఆ వరుస తెగే అంచుల్లో మాత్రం పురుగులు పాకినట్టు గీతలు తేలతాయి. హెచ్‌క్యూ2ఎక్స్ గళ్ళని కొంచెం మెత్తబరుస్తుందంతే, మధ్యరంగు తేలేదు. ఇలాంటి ఆటలకి స్మూతింగ్ వద్దేవద్దు.

స్కేలర్ పెట్టె (జీబీఎస్-8200 బోర్డు, జీబీఎస్-కంట్రోల్ సాఫ్ట్‌వేర్) తీసుకున్నవాళ్ళకి రెండు ముక్కలు. 1984లో మొదలైన క్లాస్ పథకం కింద బడులకి వచ్చిన బీబీసీ మైక్రోలని (పాత బ్రిటిష్ కంప్యూటర్లు) కొందరు బాగుచేయించి తెస్తున్నారు. దాని ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడి తీగల్లో) టీటీఎల్ స్థాయిలో, అంటే 5 వోల్టుల దాకా వస్తుంది, పెట్టెకి కావాల్సింది 0.7 వోల్టులు. ఒక్కో రంగు తీగకి వరుసలో 470 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 75 ఓమ్‌ల ఇన్‌పుట్ మీద 5 వోల్టులు 0.69కి దిగుతాయి. అది లేని కేబుల్‌తో కలిపితే రంగులు మండిపోతాయి, బోర్డుకీ మంచిది కాదు. మోడ్ 7లో (బీబీసీ మైక్రో టెలీటెక్స్ట్ తరహా అక్షరాల తెర) అక్షరాల ఏటవాలు అంచుల్ని ఎస్ఏఏ5050 చిప్ తనంతట తనే నునుపు చేస్తుంది, అదీ ఇంటర్‌లేస్ ఫీల్డుల (సరి గీతలు ఒకసారి, బేసి గీతలు ఒకసారి చూపే సగం బొమ్మల) మధ్య పంచి. కాబట్టి మోడ్ 7కి మోషన్ అడాప్టివ్ డీఇంటర్‌లేస్ (కదలని చోట రెండు ఫీల్డుల్నీ కలిపేది) పెట్టండి, బాబ్ (ఒక్కో ఫీల్డునీ విడిగా సాగదీసేది) పెడితే అక్షరాలు వణుకుతాయి. మానిటర్ 50 హెర్ట్జ్ తీసుకోకపోతే 60కి మార్చే ఆప్షన్ ఉంది. ప్రతి ఐదో ఫ్రేమ్ రెండుసార్లు వస్తుంది గనక స్క్రోలింగ్‌లో చిన్న కుదుపు తప్పదు.

క్యాసెట్ల టీవీ గేమ్‌కి ఈ పెట్టె కొనకండి. దానికి మామూలుగా ఉండేది పసుపు పిన్ను కాంపోజిట్ (బొమ్మంతా ఒకే తీగలో వచ్చేది), ఈ బోర్డు కాంపోజిట్ తీసుకోదు. టీవీకి ఏవీ పోర్ట్ ఉంటే నేరుగా గుచ్చి 4:3 పెట్టుకోండి, ఖర్చు లేదు.

ఏది కొన్నా టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి, ఓవర్‌స్కాన్ (బొమ్మ అంచుల్ని కోసేయడం) ఆపండి (కొన్నిట్లో జస్ట్ స్కాన్ అని ఉంటుంది), షార్ప్‌నెస్ బాగా తగ్గించండి. అక్షరాల చుట్టూ తెల్లటి నీడ కనిపిస్తే అది షార్ప్‌నెస్ పనే. ఇవన్నీ చేశాక కూడా బాగోలేదంటే టీవీ మోడల్, ఆట లేదా మెషీన్ పేరు, టీవీ చూపించే రిజల్యూషన్ కనబడేలా ఒక ఫోటో వాట్సాప్ చేయండి. ఫోటో దగ్గరగా తీయండి, పిక్సెళ్ళు లెక్కపెట్టగలిగేంత దగ్గరగా. పాత డిఫాల్ట్‌తో వెళ్ళిన పీసీలకి కొత్త సెట్టింగుల ఫైల్ అడిగితే ఉచితంగా పంపిస్తాం.