అమ్మ మాట్లాడిందే పొట్టీ!

నల్లకుంట, హైదరాబాద్

ఒసేయ్ పొట్టీ,

తిట్టాలనుకున్నవన్నీ ముందు తిట్టేసి, ఆ తర్వాత చదువు. అమెరికా నుంచి వచ్చి ఇన్నాళ్లయినా ఒక్క ముక్క రాయలేదు, నిజమే. ఫోన్లో చెబుదామంటే పక్కనే అమ్మ. అమ్మ వింటుండగా చెప్పే కథ కాదిది.

ఇక్కడి కబుర్లు ఒక్క ముక్కలో: బడులు తెరిచారు, పుస్తకాలకు అట్టలేసి వేళ్లు పడిపోయాయి, పనమ్మాయి ఊరెళ్లి రాలేదు, మొన్నటి వానకి మా సందు చెరువైంది, ఈయన బాగానే ఉన్నారు. అయిపోయాయి.

అసలు సంగతి. అమ్మ నాన్నతో మాట్లాడింది! నేరుగా! మధ్యలో ఎవరూ లేకుండా!

ఉగాది నుంచి ఆ పొలం అమ్మిన గొడవతో ఇంట్లో నడుస్తున్న మౌనవ్రతం నీకు తెలుసుగా. "చిన్నోడా, కాఫీ చల్లారిపోతోందని మీ తాతగారికి చెప్పు." తాతగారేమో రెండడుగుల దూరంలోనే ఉంటారు. "బామ్మకి చెప్పు, పంచదార తక్కువైందని." విమానంలోనూ ఇదే వరస, మధ్య సీట్లో నేను. నువ్వైతే నీలం గొడుగు కేసులో చేసినట్టు ఇద్దర్నీ గదిలోకి తోసి గొళ్లెం పెట్టేదానివి. నాకంత ధైర్యమేదీ?

తమ్ముడు వాళ్లది డెట్రాయిట్ పక్కన నోవై. పిల్లలకి బడులు తెరిచేలోపు ఎక్కడికైనా పోదామని మిషిగన్ సరస్సు ఒడ్డుకి తీసుకెళ్లాడు, కారులో నాలుగు గంటల దారి. సరస్సంటే ట్యాంక్‌బండ్ మీద నిలబడి చూసే నీళ్లనుకునేవు. పొడవు 307 మైళ్లు, అవతలి ఒడ్డు కనిపించదు, అలలొస్తాయి, ఇసుక కూడా మీ భీమిలిలో ఉన్నట్టే ఉంటుంది. ఉప్పు మాత్రం లేదు. నాన్న నమ్మలేదు. దోసిట్లో పట్టి పుక్కిలించి చూస్తే గాని ఒప్పుకోలేదు. చలికి మేం వేళ్లు కూడా ముంచలేకపోయాం, ఆయన మాత్రం పంట్లాం మడిచి నిలబడ్డారు.

ముప్ఫై ఏళ్లు నీటిపారుదల శాఖలో చేసిన మనిషి ఊరుకుంటారా? "కట్ట లేదు సరే, దీనికి అలుగెక్కడ?" అని తమ్ముణ్ణి పట్టుకున్నారు. వాడు వివరంగా చెప్పాడు: ఉత్తరాన మాకినా జలసంధిలోంచి హ్యూరాన్ సరస్సులోకి, అక్కణ్ణుంచి ఈరీ, నయాగరా, ఒంటారియో, చివరికి సెయింట్ లారెన్స్ నది మీదుగా అట్లాంటిక్‌లోకి. దక్షిణాన షికాగోలోనైతే సరస్సులోకి వచ్చే నదిని 1900లో కాలువ తవ్వి వెనక్కి తిప్పేశారట. నాన్న మొహం చూడాలి! ఇక కారులో లెక్కలు మొదలు. సరస్సులో నీళ్లు సుమారు 4,900 ఘన కిలోమీటర్లు, అంటే 1,73,000 టీఎంసీలు. "మన నాగార్జునసాగర్ పూడిక పోను 312. ఇందులో 550 సాగర్లు పడతాయర్రా!"

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే, "అందులో ఒక్క చెంబైనా మన పొలానికి రాదని మీ తాతగారికి చెప్పు" అంది. కారంతా నిశ్శబ్దం. మా మరదలు పాట పెట్టేసింది.

ఊళ్ల గురించి ఎక్కువ రాయను, ఫొటోలు పంపుతాలే. అన్నీ చిన్న చిన్న ఊళ్లు, ఒకటే వీధి, మిఠాయి కొట్లు, రాత్రి తొమ్మిది దాటినా పొద్దు గూకదు. లీలాండ్‌లో పాతకాలం జాలర్ల చెక్క పాకలు ఏటి గట్టున అలాగే నిలబెట్టుకున్నారు, అది నాకు బాగా నచ్చింది. అమెరికాలో పండే పుల్ల చెర్రీల్లో చాలాభాగం ఈ రాష్ట్రంలోవేనట. కాపుకి ఇంకా టైముంది గాని ఎండబెట్టినవి ఎక్కడ చూసినా ఉన్నాయి. అమ్మ రెండు పొట్లాలు కొని నోవై వెళ్లాక పప్పులో వేసింది. నవ్వకు, బాగుంది.

ఇప్పుడు ఇసుక దిబ్బ దగ్గరికొస్తా. స్లీపింగ్ బేర్ డ్యూన్స్ అని పేరు. అక్కడి ఓజిబ్వే ఆదివాసుల కథ ఒకటుంది. అవతలి ఒడ్డున అడవి తగలబడితే ఓ తల్లి ఎలుగుబంటి, రెండు పిల్లలు ఈదుకుంటూ బయల్దేరాయట. తల్లి ఒడ్డు చేరింది, పిల్లలు చేరలేదు. ఎదురుచూస్తూ పడుకున్న తల్లే ఈ దిబ్బ, పిల్లలు రెండూ ఎదురుగా కనిపించే మానిటూ దీవులు. తమ్ముడు ఇది చెబుతుంటే అమ్మ వాడి మొహమే చూస్తోంది. వాడక్కడ, నేనిక్కడ... సర్లే, అది మళ్లీ ఎప్పుడైనా.

ఏడు మైళ్ల పైచిలుకు దారి ఒకటి అడవిలో చుట్టి వస్తుంది. మధ్యలో ఒకచోట చెక్క వేదిక, కిందికి చూస్తే కళ్లు తిరుగుతాయి. 450 అడుగుల ఇసుక, అడుగున నీళ్లు. హిమానీనదాలు కరిగిపోతూ వదిలేసిన గుట్ట, దానిమీద గాలి పోసిన ఇసుక. "సాగర్ డ్యాం 124 మీటర్లు, ఇది 137" అన్నారు నాన్న. దిగడం తేలిక, ఎక్కడం మహా కష్టం, పైకి రావడం తప్ప వేరే దారి లేదు అని బోర్డు పెట్టారు. నాన్న దాన్ని గట్టిగా చదివి అందరికీ వినిపించారు కూడా. వింటూ వింటూనే మా చిన్నోడు దూకేశాడు!

"ఒరేయ్ ఆగరా" అంటూ వాడి వెనకాలే నాన్న. డెబ్భై రెండేళ్ల మనిషి, కాళ్లకి చెప్పులు. మేం నోరు తెరిచేలోపు సగం దూరం పోయారు, ఆగుదామన్నా ఇసుక ఆగనివ్వదుగా. బీపీ మాత్ర అమ్మ సంచిలో. తమ్ముడు మాత్ర, నీళ్ల సీసా పట్టుకుని పరుగు. నాకు టెన్షన్‌తో చేతులు చల్లబడిపోయాయి పొట్టీ.

చిన్నోడు ముప్పావు గంటలో కోతిలా పైకొచ్చేశాడు. నాన్న మాత్రం పది అడుగులు వేస్తే ఐదు జారుతున్నారు. పొడి ఇసుక ముప్ఫై నాలుగు డిగ్రీల వాలు దాటి నిలవదట, మనం కాలు పెడితే చాలు పైదంతా కిందికే. ఈ పాఠం ఆయనే, నాలుగు కాళ్ల మీద పాకుతూ, తమ్ముడికి చెప్పారట!

అప్పుడు లేచింది అమ్మ. వేదిక రెయిలింగ్ పట్టుకుని, "ఏమండీ! కూర్చోండి!" అని ఒక్క కేక. కిందికేం వినపడుతుంది, అంత గాలిలో? అయినా ఆపలేదు. లేవండి, కూర్చోండి, నోరు మూసుకుని ఊపిరి పీల్చండి, పాఠాలు తర్వాత! ఆయన సగం పైకొచ్చేసరికి వినపడింది. ఆగి తలెత్తి చూసి, "ఏంటీ?" అన్నారు.

"కూర్చోమన్నాను!"

"కూర్చునే ఉన్నానే!"

ఉగాది తర్వాత మొదటి సంభాషణ ఇదే. ఇక గట్టు తెగింది. "అమ్మే ముందు నన్నొక్క మాట అడిగారా?" అని పైనుంచి. "రెండు బోర్లూ ఎండిపోయాయే! చెబితే ఏడుస్తావని..." అని కిందినుంచి. "నా ఏడుపేదో నేనేడ్చుకునేదాన్ని!" మా నాన్నమ్మ, బాబాయి వాటా, ఆ మామిడిచెట్టు, అన్నీ బయటికొచ్చాయి. వేదిక మీద జనమంతా చూస్తున్నారు. ఓ అమెరికన్ ముసలావిడ నా భుజం తట్టి, మీ అమ్మగారు ఆయన్ని ఎంత బాగా ఉత్సాహపరుస్తున్నారో అంది. నేను తలూపాను. ఇంకేం చెప్పమంటావు?

రెండు గంటలు దాటాక పైకి చేరారు. అందరూ చప్పట్లు. అమ్మ నీళ్లిచ్చింది, చెంగుతో మొహం తుడిచింది, కాళ్లకేసి చూసి, "రెండో చెప్పేదీ?" అంది. అది సరస్సుకే దక్కింది. తిరుగుదారంతా ఆ చెప్పు మీదే పోట్లాట, నేరుగా, ఒకరికొకరు.

నవ్వొచ్చిందా? నాకు మాత్రం ఆ బోరు మాట దగ్గర... మేమెవరం అడగలేదే ఆయన్ని. ఇన్ని నెలలు అమ్మ పక్షమే తీసుకున్నాం కదా, నువ్వూ నేనూ కూడా.

ఇప్పుడు కింద పోర్షన్లో పొద్దుట లేస్తే రభస. మౌనవ్రతమే నయమంటున్నారు ఈయన. ఆ, మర్చిపోయా, నీకో రాయి తెచ్చాను. పెటోస్కీ రాయి, ముప్ఫై ఐదు కోట్ల ఏళ్లకు పైబడిన పగడపు శిలాజం. తడిపితేనే ఆరు పలకల గళ్లు బాగా కనిపిస్తాయి. పార్కులో ఏరకూడదు కాబట్టి కొట్లో కొన్నదే, కంగారు పడకు. శ్రావణంలో నువ్వొస్తే ఇస్తా, లేదా మీ ఆయన ఆఫీసు పని మీద వస్తే

బస్సు వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. చిన్నోడు టిఫిన్ డబ్బా ఇక్కడే మర్చిపోయాడు. ఉంటానే.

నీ
బండది