పార్కింగ్ కేసు వాళ్ళే వెనక్కి తీసుకున్నారు, సాయం చేసిన అందరికీ పేరుపేరునా థాంక్స్

అందరికీ నమస్తే. ఏడాదిగా మా ఇంట్లో నడుస్తున్న పార్కింగ్ గొడవ మొన్న మంగళవారం అయిపోయింది. కేసు వేసిన పార్కింగ్ కంపెనీ వాళ్ళే దాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ఒకే ఒక పేజీ పంపారు, నోటీస్ ఆఫ్ డిస్‌కంటిన్యుయెన్స్ అంటారంట. సారీ లేదు, ఎందుకు ఆపేశారో ఒక్క ముక్క లేదు. నేను కిచెన్‌లో నిలబడి ఏడ్చేశా, మా ఆయనేమో స్టవ్ మీద పాలు పొంగుతున్నా చూసుకోకుండా ఆ కాయితాన్ని తిప్పి వెనకాల ఇంకేమైనా రాశారేమోనని వెతుకుతున్నాడు.

అసలు జరిగింది ఇది. మేం ఇంగ్లాండ్‌లో కొవెంట్రీలో ఉంటాం. 2024 నవంబరు, కార్తీక మాసం, తెనాలి నుంచి అమ్మ వచ్చి ఉంది. ఒక శనివారం టివిడేల్‌లో బాలాజీ గుడికెళ్ళి, వచ్చే దారిలో ఒక రిటైల్ పార్క్‌లో అమ్మకి స్వెట్టర్లు కొందామని ఆగాం. పార్కింగ్ మెషీన్‌లో చిల్లర వేసి, కారు నంబర్ కొట్టి, చీటీ తీసుకున్నాం. మా నంబర్ మధ్యలో 20 ఉంటుంది, ఆ సున్నా బదులు ఇంగ్లీషు అక్షరం 'ఓ' (O) పడింది. అంతే, చేసిన నేరం మొత్తం అదే. గేటు దగ్గర కెమెరా సున్నా చదివింది, మెషీన్ దగ్గర ఓ ఉంది, రెండూ కలవలేదు కాబట్టి డబ్బులు కట్టకుండా నిలిపారు అని 100 పౌండ్ల చార్జ్ వేశారు. (కారు నా పేరు మీదే ఉంది గానీ ఆ రోజు ఎవరు నడిపారో ఇక్కడ రాయను. ప్రైవేటు పార్కింగ్ వాళ్ళకి డ్రైవర్ పేరు చెప్పాలని చట్టమేం లేదు అని మాకు సాయం చేసిన వరంగల్ అన్న (ఆయన సంగతి కింద చెప్తా) ఎన్నిసార్లు చెప్పాడో, ఇప్పుడు అలవాటు కొద్దీ మా ఆయనకి కూడా చెప్పట్లేదు.)

ఇక మా తప్పు. రెండు నెలల ముందే ఇల్లు మారాం. లైసెన్స్ మార్చుకున్నాం, బ్యాంకు, కౌన్సిల్ టాక్స్ అన్నీ మార్చాం, కారు లాగ్‌బుక్ (మన దగ్గర ఆర్‌సీ లాంటిది) మాత్రం మర్చిపోయాం. లైసెన్స్ మీద అడ్రస్ మారిస్తే లాగ్‌బుక్ మీద కూడా మారిపోతుందనుకున్నా. మారదు, రెండూ వేరు వేరు. పార్కింగ్ కంపెనీ వాళ్ళు డీవీఎల్ఏకి, అంటే ఇక్కడి బండ్ల రిజిస్ట్రేషన్ ఆఫీసుకి, రెండున్నర పౌండ్లు కట్టి ఓనర్ అడ్రస్ తీసుకుంటారు, ఆ అడ్రస్ పాతది, లెటర్లన్నీ పాతింటికే పోయాయి. 14 రోజుల్లో కడితే 60 పౌండ్లతో పోయేది, 28 రోజుల్లో అప్పీల్ చేసుకుంటే అసలేమీ కట్టక్కర్లేకుండా పోయేదేమో, అవేవీ మాకు తెలియకుండానే దాటిపోయాయి.

ఫిబ్రవరిలో కొత్తింటికి మొదటి లెటర్ వచ్చింది. పార్కింగ్ కంపెనీ కాదు, డెట్ కలెక్టర్లు. వాళ్ళే ఎక్కడో వెతికి కొత్త అడ్రస్ పట్టుకున్నారు. 100 కాస్తా 170 అయింది. పైన ఎర్రక్షరాలు, కింద కోర్టు, సీసీజే (బాకీ కట్టమని కోర్టు ఇచ్చే జడ్జిమెంట్), క్రెడిట్ రేటింగ్ అని భయపెట్టే మాటలు. వారం తిరక్కుండా ఇంకోటి, తర్వాత ఇంకోటి. మా ఆయనది స్కిల్డ్ వర్కర్ వీసా, వచ్చే ఏడు ఐఎల్ఆర్ (ఇక్కడే శాశ్వతంగా ఉండే పర్మిషన్) పెట్టుకోవాలి, ఈ పార్కింగ్ మరక పడి అది ఆగిపోతుందేమోనని నాకు రాత్రిళ్ళు నిద్ర లేదు. అమ్మకైతే ఇంకో రకం భయం. మన దగ్గర లోన్ యాప్ వాళ్ళు ఇంటి మీదకొచ్చి చేసే గోల టీవీలో చూసీ చూసీ, ఇక్కడా అంతే అనుకుంది. తలుపు తట్టిన చప్పుడైతే చాలు కర్టెన్ వెనక్కి పోయేది. ఒకసారి అమెజాన్ అబ్బాయి పార్సిల్ పట్టుకుని నిలబడితే లోపల్నుంచి తెలుగులోనే "ఇంట్లో ఎవరూ లేరండీ" అని గట్టిగా అరిచింది. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ అప్పుడు రాలేదు.

సలహాలకేం తక్కువ, బోలెడు. ఆఫీసులో ఒకావిడ ఏ లెటర్ వచ్చినా చించిపారెయ్ అంది. హైదరాబాద్‌లో మా బావగారు డిస్కౌంట్ పడేదాకా ఆగు, మాకిక్కడ చలానాలకి పడుద్ది అన్నారు. మా ఆయన 170 కట్టి వదిలించుకుందాం అని కార్డు కూడా బయటికి తీశాడు. ఆ రోజు శనివారం కాబట్టి గుడికెళ్ళాం, అక్కడ ప్రసాదం లైన్లో నా మొహం చూసి ఏమైందమ్మా అని అడిగిన మనిషే మా వరంగల్ అన్న.

అన్న లాయరేం కాదు, గోడౌన్‌లో షిఫ్ట్ మేనేజర్. కానీ చాలా ఏళ్ళ కింద ఆయనకీ ఇదే జరిగింది, అన్నీ ఒకటే అనుకుని డెట్ కలెక్టర్ల లెటర్లతో పాటు కోర్టు కాయితం కూడా పక్కన పడేశాడు, ఆయన లేకుండానే జడ్జిమెంట్ అయిపోయింది. తెలిసేసరికి నెల దాటింది. నెలలోపు మొత్తం కట్టేస్తే కోర్టు జడ్జిమెంట్ల రిజిస్టర్‌లోంచి తీసేస్తారు, దాటితే ఆరేళ్ళు ఉంటుంది. ఆ ఆరేళ్ళూ ఇల్లు కొనుక్కోవడానికి లోన్ దగ్గర పడ్డ తిప్పలు ఆయన చెప్తుంటే మా ఆయన నెమ్మదిగా కార్డు జేబులో పెట్టేశాడు.

"ఏం బుగులు పడకు చెల్లె, కాయితాలన్నీ పట్టుకొని రా, ఒక్కటి గూడ పారెయ్యకు" అన్నాడు. మర్నాడే వెళ్ళాం. డైనింగ్ టేబుల్ మీద రెండు స్టీలు కంచాలు పెట్టాడు. ఒక్కో లెటర్ చదవడం, ఎడమ కంచంలో పెట్టడం. "ఇది వసూలు చేసేటోళ్ళు రాసింది, కోర్టు రాసింది గాదు. వీళ్ళు నీ ఇంట్ల కుర్చీ గూడ ముట్టలేరు." బెయిలిఫ్‌లు, అంటే సామాన్లు జప్తు చేసేవాళ్ళు, రావాలంటే ముందు కోర్టులో జడ్జిమెంట్ పడాలి, అది మనం కట్టకుండా ఉండాలి, అప్పుడు గానీ రారు. ఈ ఉత్తరాలు క్రెడిట్ రిపోర్ట్‌లో కూడా పడవు. కౌన్సిల్ వేసేది పెనాల్టీ చార్జ్ నోటీస్, వీళ్ళు వేసేది పార్కింగ్ చార్జ్ నోటీస్, రెండిటినీ పీసీఎన్ అనే అంటారు, అక్కడే మనం బోల్తా పడేది. రెండోది జరిమానా కాదు, కాంట్రాక్టు తప్పావని వాళ్ళు పంపే బిల్లు. తొమ్మిది లెటర్లు ఎడమ కంచంలోకి పోయాయి. కుడి కంచం ఖాళీ. "దీంట్లకు ఏదన్న వస్తె ఆ రోజే నాకు ఫోన్ చెయ్యి" అన్నాడు.

అలాగని బిల్లే కదా అని అన్నీ గాలికొదిలేయొచ్చని కాదు. అది కూడా అన్నే చెప్పాడు, ఎందుకంటే నేను ఎగిరి గంతేస్తున్నా. 2015లో బీవిస్ అనే ఆయన మీద ఒక పార్కింగ్ కంపెనీ వేసిన కేసులో ఇక్కడి సుప్రీం కోర్టు 85 పౌండ్ల చార్జ్ చెల్లుతుందనే తేల్చింది, కాబట్టి ప్రైవేటు టికెట్లు ఏవీ చెల్లవు అని ఎవరైనా అంటే నమ్మొద్దు, నీ కేసులో నీకేం బలం ఉందో అది చూసుకో అన్నాడు. ఒక బలం ఉందేమోనని మొదట ఆశపడ్డాం కూడా. కారు మీద టికెట్ పెట్టకుండా పోస్టులో పంపితే, 2012 చట్టం ప్రకారం ఆ నోటీసు 14 రోజుల్లో చేరాలి, లేకపోతే నడిపిందెవరో తెలియనప్పుడు ఓనర్ మీద వేయలేరు. పాతింట్లో ఇప్పుడుంటున్న పోలిష్ అబ్బాయి దగ్గరికి పరిగెత్తా. పాపం ఆ అబ్బాయి మా లెటర్లు పారేయకుండా షూ ర్యాక్ మీద రబ్బర్ బ్యాండ్ వేసి దాచాడు, అతనికి కూడా చాలా థాంక్స్. తేదీలు లెక్కపెడితే నోటీసు తొమ్మిదో రోజుకే వచ్చింది. ఆ దారి మూసుకుపోయింది.

మిగిలింది సున్నా-ఓ గొడవే. పార్కింగ్ సంఘాలు రెండూ కలిసి పెట్టుకున్న కోడ్ 2024 అక్టోబరు 1 నుంచి నడుస్తోంది, సున్నా బదులు ఓ కొట్టడం లాంటి చిన్న తప్పులకి చార్జ్ రద్దు చేయాలని వాళ్ళ కోడ్‌లో వాళ్ళే రాసుకున్నారు. కానీ డబ్బులు కట్టామని చూపించాలి కదా, మేం వేసింది చిల్లర, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఏం ఉండదు. చీటీ కావాలి. ఇల్లంతా వెతికాం, కారు సీట్ల కింద, కోట్ల జేబులు, చెత్త అంతా. లేదు. అమ్మ అప్పటికే మార్చిలో తెనాలి వెళ్ళిపోయింది.

ఏప్రిల్లో కుడి కంచంలోకి మొదటి కాయితం వచ్చింది, లెటర్ ఆఫ్ క్లెయిమ్, అంటే కోర్టుకి వెళ్ళేముందు పంపే నోటీసు. దీనికి 30 రోజుల్లో జవాబివ్వాలి. అదే వారం అమ్మతో ఫోన్లో మాట్లాడుతూ ఆ చీటీ దొరికుంటే బాగుండేది అని ఏడుస్తుంటే "ఏ చీటీ? గుడి కుంకుమ పొట్లం కట్టానే, అదా?" అంది. ఒక్క నిమిషం నాకు నోట మాట రాలేదు. ఆ రోజు గుడిలో ఇచ్చిన కుంకుమ చేతిలో ఉంది, కాయితం కావాలి, ఎదురుగా డాష్‌బోర్డ్ మీద చీటీ కనపడింది, తీసి పొట్లం కట్టేసి హ్యాండ్‌బ్యాగ్‌లో వేసుకుంది, అట్నుంచి అటే తెనాలిలో దేవుడి గూట్లోకి పోయింది. తమ్ముడు కుంకుమ దులిపి ఫొటో పంపాడు. అంచులు ఎర్రగా, మడతల దగ్గర అక్షరాలు వెలిసిపోయి ఉన్నాయి గానీ తేదీ, టైం, కట్టిన డబ్బు, మన నంబర్, మధ్యలో గుండ్రంగా ఓ, అన్నీ చదవడానికి వస్తున్నాయి. అన్నకి ఫార్వర్డ్ చేస్తే "అమ్మకు దండం పెట్టు" అని ఒక్క ముక్క పంపాడు. అసలు చీటీని మేలో మా పిన్ని కొడుకు వస్తూ పుస్తకం మధ్యలో పెట్టుకుని తెచ్చాడు.

ఫొటో జతచేసి జవాబు రాశాం, పట్టించుకోలేదు. జూన్‌లో నార్తాంప్టన్‌లో ఉన్న కోర్టు ఆఫీసు నుంచి క్లెయిమ్, అంటే అసలు కేసు కాయితం, వచ్చింది. 170, వడ్డీ, కోర్టు ఫీజు 35, లాయర్ ఖర్చు 50, మొత్తం 260 దాటింది. ఇక్కడ మాత్రం అన్న చాలా స్ట్రిక్ట్. కాయితం మీద తేదీ నుంచి పోస్టుకి 5 రోజులు, తర్వాత 14 రోజుల్లో అందిందని ఆన్‌లైన్లో చెప్పాలి, అలా చెప్తే డిఫెన్స్, అంటే మన వైపు జవాబు, రాయడానికి ఇంకో 14 వస్తాయి. మా కిచెన్లో ఉన్న తెలుగు క్యాలెండర్లో ఏకాదశి పక్కన ఒకటి, అమావాస్య పక్కన ఒకటి స్కెచ్ పెన్‌తో గీసిపెట్టాడు. అందిందని చెప్పేటప్పుడు డిఫెన్స్ బాక్స్‌లో ఒక్క అక్షరం కూడా కొట్టకు, కొడితే అదే నీ డిఫెన్స్ అనుకుంటారు అని మూడుసార్లు చెప్పాడు. నేను కొట్టబోయా కూడా, "ప్లీజ్ సీ అటాచ్డ్" అని.

డిఫెన్స్ ఇంగ్లీషు సరిచేసింది మా పాప స్కూల్లో పరిచయమైన నెల్లూరు అక్క. నేను రాసిన నాలుగు పేజీల్లో మూడు పేజీలు నా బాధే ఉందని కొట్టేసింది, మొదట కోపమొచ్చింది గానీ ఆమె ఉంచిన పేజీయే పనికొచ్చింది. తర్వాత వచ్చిన ఫారం దగ్గర సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా కేంద్రంలో ఒక తెల్లజుట్టు ఆవిడ గంటసేపు పక్కన కూర్చుంది, ఉచితంగా. సెప్టెంబరులో ఫోన్లో మీడియేషన్, అంటే రాజీ మాటలు, చిన్న క్లెయిమ్‌లకి అప్పుడది తప్పనిసరి. లోపల ఏం మాట్లాడుకున్నామో బయట చెప్పకూడదు కాబట్టి చెప్పను, కుదరలేదు అంతే. హియరింగ్ తేదీ డిసెంబరుకి పడింది. హియరింగ్ ఫీజు 27 పౌండ్లు వాళ్ళు కట్టాలి, ఆ గడువు దగ్గర చాలామంది ఆపేస్తారని అన్న ముందే అన్నాడు, నేను నమ్మక కోర్టుకి వేసుకోవడానికి కోటు కూడా కొన్నా. అది ఇంకా ట్యాగ్‌తోనే ఉంది, రిటర్న్ ఇచ్చేస్తా.

లాగ్‌బుక్ అడ్రస్ ఆన్‌లైన్లో పైసా ఖర్చు లేకుండా మారింది, మార్చకపోతే వెయ్యి పౌండ్ల దాకా ఫైన్ ఉందని అప్పుడు చదివా. ఇల్లు మారినవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ముందు ఆ పని చేసుకోండి, మిగతాది తర్వాత చదవచ్చు.

నెల్లూరు అక్కా, మీ ఎర్రపెన్ను దెబ్బలకి థాంక్స్. తమ్ముడూ, కుంకుమ దులిపినందుకు. అమ్మ ఆ చీటీ తిరిగి పంపమంటోంది, ఎందుకే అంటే కుంకుమ దానిదే కదా అంటోంది. వరంగల్ అన్నా, నువ్వు డబ్బు మాట ఎత్తితే తిడతావని తెలుసు, ఆదివారం గోంగూర పచ్చడి తెస్తున్నా, వద్దనకు. స్టీలు డబ్బా మాత్రం ఖాళీ చేసి ఇచ్చెయ్, అది అమ్మది, లెక్క అడుగుతుంది.