మీ బాక్సుకి అప్‌డేట్ ఒక రోజు ఆలస్యంగా ఎందుకు వస్తోందంటే

మా టెంపరేచర్ లాగర్ వాడుతున్న కోల్డ్ స్టోరేజీలు, ఐస్ ఫ్యాక్టరీలు, రొయ్యల ప్లాంట్ల వారందరికీ నమస్కారం. "ఇదివరకు అడిగిన రోజే అప్‌డేట్ ఇచ్చేవారు, ఇప్పుడు మర్నాటిదాకా ఆపుతున్నారేంటి?" అని ఫిషింగ్ హార్బర్ వైపు కస్టమర్లు గట్టిగానే అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే.

మీ బాక్సులో ఉన్నది రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దాని మీద ఉండేది ఆర్మ్ ప్రాసెసర్. మేం కోడ్ రాసేది ఇంటెల్ ల్యాప్‌టాప్‌ల మీద. ఈ తేడా ఎక్కడ దెబ్బ కొడుతుందో చూడండి. మీ రూములో మైనస్ 18 డిగ్రీలుంది. సి భాషలో ఆ అంకెను 'చార్' అనే ఒక్క బైట్‌లో పెడితే ఇంటెల్ లైనక్స్‌లో మైనస్ 18గానే వస్తుంది. ఆర్మ్ లైనక్స్‌లో మామూలుగా చార్‌కి మైనస్ ఉండదు, అదే బైట్ 238 అయిపోతుంది. ఒక కొత్త సెన్సార్‌తో వచ్చిన డ్రైవర్‌లో, అంటే సెన్సార్‌ని చదివే సాఫ్ట్‌వేర్‌లో, సరిగ్గా ఇదే ఉంది. ల్యాప్‌టాప్‌లో టెస్టులన్నీ పాస్! ఆర్మ్ మీద నడిపాకే దొరికింది, మీదాకా రాలేదు. రాత్రి రెండింటికి మీ సూపర్‌వైజర్‌కి 238 డిగ్రీల అలారం వెళ్తే మాకొచ్చే ఫోన్లు ఎలా ఉంటాయో మాకు తెలుసు.

అందుకే కోడ్‌లో చిన్న మార్పు చేసినా దానంతటదే బిల్డ్ అయి (నడిచే ప్రోగ్రాంగా తయారై) టెస్టులు నడిచే ఏర్పాటును ఆర్మ్ మీదికి మార్చాం. దేనిమీద నడపాలన్నదే పెద్ద చర్చ. ఇంటెల్ మెషీన్ మీదే క్యూఎమ్యూ అనే సాఫ్ట్‌వేర్‌తో ఆర్మ్‌ను అనుకరించొచ్చు, ఖర్చుండదు. పైన చెప్పిన చార్ గొడవ అందులోనూ దొరుకుతుంది. కానీ బాగా నెమ్మది. పైగా, రెండు థ్రెడ్లు (ప్రోగ్రాంలో ఒకేసారి నడిచే పనులు) ఒకే డేటాను ముట్టుకున్నప్పుడు ఆర్మ్ మెమరీ రాతల వరుసను ఇంటెల్ అంత కచ్చితంగా పాటించదు. అలాంటి బగ్గులు ఇంటెల్ మీద అనుకరిస్తే చాలావరకు బయటపడవు. 2025 జనవరిలో, కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ ఆర్మ్ రన్నర్లను (టెస్టులు నడిపే మెషీన్లను) పబ్లిక్ ప్రాజెక్టులకి ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టింది గానీ మాది ప్రైవేటు కోడ్, ఆ ఉచితం అప్పుడు మాకు వర్తించలేదు.

చివరికి అమెజాన్ ముంబై రీజియన్‌లో గ్రావిటాన్ అనే వాళ్ల ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న మెషీన్ అద్దెకు తీసుకున్నాం. పని ఉన్నప్పుడే ఆన్ అవుతుంది, ఆ గంటలకే బిల్లు. అయితే క్లౌడ్‌లో మీ సెన్సార్ ఉండదు, ఎస్‌డీ కార్డు ఉండదు, మన వైజాగ్ ఉక్కపోత అసలే ఉండదు. రాస్ప్‌బెర్రీ పై చిప్ 80 డిగ్రీలు దాటితే తనే స్పీడు తగ్గించుకుంటుంది. మెమరీ పేజీ, అంటే మెమరీని పంచే ముక్క సైజు, రాస్ప్‌బెర్రీ పై 5లో మామూలుగా 16 కేబీ, రాస్ప్‌బెర్రీ పై 4లో 4 కేబీ. ఇవన్నీ అసలు బోర్డు మీదే చూడాలి. అందుకని మీ దగ్గరున్న మోడళ్లే మా ఆఫీసులో యూపీఎస్ మీద, ఏసీ లేని గదిలో కావాలనే పెట్టాం. ప్రతి రిలీజూ ఒక రాత్రంతా వాటిమీద నడుస్తుంది. మీకు ఆలస్యం అనిపిస్తున్నది ఆ రాత్రే.

దీనికోసం ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్) రేటు పెంచడం లేదు. లాగింగే ఆగిపోయినంత అర్జెంటయితే పాత వెర్షన్‌కి అదే రోజు వెనక్కి మారుస్తాం, కొత్తది మాత్రం టెస్టు అవ్వకుండా వెయ్యం. ఇంకా 32 బిట్ ఓఎస్ నడుస్తున్న పాత బాక్సులకు ఈసారి సర్వీసులో కార్డు మార్చి 64 బిట్ వేస్తాం. కార్డు మార్చేటప్పుడు కాసేపు లాగింగ్ ఆగుతుంది, కాబట్టి కంటైనర్ లోడింగ్ లేని టైము చూసి మా కుర్రాళ్లకు ముందే చెప్పండి.