హాస్య పోటీల్లో దేవుడి ప్రస్తావనపై నిషేధం ఎందుకు?

సంపాదకుడు గారికి,

ఉగాదికో సంక్రాంతికో హాస్య నాటికల పోటీలు, హాస్య కథల పోటీలు పెట్టే సంస్థల ప్రకటనల్లో ఒక నిబంధన తరచుగా కనిపిస్తోంది: దేవుళ్లు, మతం, ఆచారాల ప్రస్తావన ఉండరాదు. గొడవలు వస్తాయన్న భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆ భయంతో ఏం పోగొట్టుకుంటున్నామో కూడా చూడాలి.

ఈ మధ్య అలాంటి పోటీ ఒకటి చూశాను. నిబంధన ప్రకారం ఏ నాటికలోనూ దేవుడి పేరు రాలేదు. నల్లగా ఉన్న పెళ్లికూతురు వచ్చింది, నత్తి ఉన్న మామగారు వచ్చాడు, చీర కట్టుకున్న మగవాడు వచ్చాడు. వీటిలో ఒక్కటి కూడా రాసినవారి ఇంట్లో నుంచి పుట్టినట్టు అనిపించలేదు. టీవీలో చూసిన నవ్వునే తెచ్చి మళ్లీ వడ్డించారు. ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి తల దించుకోవడం చూశాను. దేవుణ్ని నొప్పించకూడదని రాసుకున్న నిబంధన ఆ అమ్మాయిని నొప్పించకూడదని ఎక్కడా చెప్పలేదు.

నమ్మకం ఉన్నచోట నవ్వు ఉండకూడదన్న పట్టింపు మన పెద్దలకు లేదు. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగానే కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క తెర మీదికి దూసుకొచ్చేవారు. వాళ్ల మోటు సరసానికి పగలబడి నవ్విన జనమే సీతమ్మ కష్టాలకు కంటతడి పెట్టారు. గోల్కొండ చెరసాలలో దెబ్బలు తింటూ రామదాసు భద్రాచల రాముడికి లెక్కలు అప్పజెప్పాడు. భరతుడి పచ్చల పతకానికి ఎంతయిందో, సీతమ్మ చింతాకు పతకానికి ఎంతయిందో చెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుతున్నావని నిలదీశాడు. వెంటనే దెబ్బలకు ఓర్వలేక తిట్టానని బతిమాలుకున్నాడు కూడా. అంత చనువుగా తిట్టగలిగింది తన దేవుడు కాబట్టే. కృష్ణా జిల్లా శ్రీకాకుళంలోని ఆంధ్రవిష్ణువుపై కాసుల పురుషోత్తమ కవి నిందాస్తుతిగా, అంటే తిడుతున్నట్టే పొగుడుతూ, ఒక శతకమే చెప్పాడు. ఇవన్నీ నేటి పోటీలకు వస్తే మొదటి వడపోతలోనే పోతాయి!

మాది క్రైస్తవ కుటుంబం. మా ఇళ్లలో ఎంత హాస్యం ఉందో రాసేవాళ్లు రాయాలేగానీ తరగదు. క్రిస్మస్ రోజున బిర్యానీ గిన్నె మూత తీసే ముందు పెద్ద మామయ్య ప్రార్థన మొదలుపెడతాడు. బంధువులందరి పేర్లూ అయ్యాక సంఘ పెద్దలు, ఆపైన మంత్రులు, అధికారులు, విదేశాల్లో ఉన్న పిల్లలు, వాళ్ల వీసాలు. మధ్యలో ఆయన ఊపిరి తీసుకుంటే చాలు, పిల్లలంతా ఆశగా "ఆమెన్" అంటారు. ఉపవాస ప్రార్థన కూటంలో ఒకావిడ పేరు చెప్పకుండా తోడికోడలి మీద దేవుడికి ఫిర్యాదు చేస్తుంటే, ఆ తోడికోడలు పక్కనే మోకాళ్ల మీద ఉండి ఇంకా గట్టిగా స్తోత్రం చెబుతుంది. ఇది వెక్కిరింత కాదు. ఆ ప్రార్థనల్లో పెరిగిన మనిషికే ఇవి కనబడతాయి, ఆ ప్రార్థనలంటే ప్రేమ ఉన్న మనిషే వీటిని సరిగ్గా రాయగలరు.

అభిరుచి సంగతీ అంతే. నాకు పద్యనాటకమంటే ప్రాణం. హరిశ్చంద్ర నాటకం కాటిసీనులో చంద్రమతి ఒడిలో బిడ్డ శవం ఉండగా జనం వన్స్‌మోర్ అనడం, హరిశ్చంద్రుడు ఆ దుఃఖం మధ్య నుంచి వెనక్కి వచ్చి అదే పద్యాన్ని హార్మోనియంతో మళ్లీ ఎత్తుకోవడం తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రాగం కోసం తెల్లవార్లూ కూర్చున్నవాళ్లు చెబితే ఆ నవ్వులో ఆప్యాయత ఉంటుంది. ఆ నాటకాన్ని పాతచింతకాయ అనుకునేవాళ్లు చెబితే ఉండదు.

ఎవరి నమ్మకాన్ని ఎవరైనా ఆటపట్టించవచ్చని నేను అనడం లేదు. మా మామయ్య ప్రార్థన గురించి నేను రాయడం, పొరుగింటివారి నమాజు గురించి ఏమీ తెలియకుండా రాయడం ఒకటి కావు. చట్టం కూడా ఉద్దేశాన్నే చూస్తుంది. భారతీయ శిక్షాస్మృతిలో 1927లో చేర్చిన 295-ఎ సెక్షన్, దాని స్థానంలో 2024 జులై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయ సంహితలోని 299వ సెక్షన్, బుద్ధిపూర్వకంగా, ద్వేషంతో చేసే అవమానాన్నే నేరమంటున్నాయి. అనుకోకుండా, ద్వేషం లేకుండా దొర్లిన మాట దాని కిందికి రాదని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది. చట్టం అడగనంత కట్టడిని మన కళాసమితులు ఎందుకు పెట్టుకోవాలి?

నిర్వాహకులకు నా విన్నపం ఇది. ఆ నిబంధన తీసేసి, "మీ ఇంటి ఆచారం, మీ నమ్మకం, మీ అభిరుచి మీదే రాయండి, మరొకరి నమ్మకాన్ని, రూపాన్ని, వైకల్యాన్ని ఎగతాళి చేసే రచనలు స్వీకరించం" అని పెట్టండి. న్యాయనిర్ణేతల్లో అన్ని మతాలవారికీ చోటివ్వండి. అనుమానం వచ్చిన రచనను చెత్తబుట్టలో వేసే ముందు రాసినవారిని పిలిచి మాట్లాడండి. మీ ఆదివారం సంచిక కూడా వచ్చే ఉగాది హాస్య కథల పోటీని ఈ పద్ధతిలో నిర్వహిస్తే, మా సండే స్కూలు పిల్లల చేత కథలు రాయించి పంపే బాధ్యత నాది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
గుంటూరు