నాన్నగారి మెదడు చిత్రాలను తీసినవారికి, చదివినవారికి మా కుటుంబం కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు, తెల్లవారుజామున, మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. మూడు నెలలు గడిచాయి. ఈ రోజు ఆయన చేతికర్ర లేకుండా వరండా దాకా నడిచి వచ్చి, పేపరులో పెద్ద అక్షరాల వార్తలను పైకి చదివి వినిపించారు. చూడడానికి వచ్చిన బంధువులందరూ మెదడులోని గడ్డను తీసిన డాక్టరుగారిని తలుచుకుని దండం పెడుతున్నారు. ఆ దండానికి ఆయన పూర్తిగా అర్హులు. అయితే ఆయన చేతికి పని అందేలోపు మరికొందరు మా నాన్నగారి మెదడును చిత్రాలుగా తీసి, ఆ చిత్రాలను చదివి, ఏం చేయాలో, ఏం చేయకూడదో తేల్చి చెప్పారు. వారిలో చాలామంది ముఖాలు మేము చూడలేదు. ఈ ఉత్తరం ముఖ్యంగా వారి కోసం రాస్తున్నాను.

మాది ఏలూరు దగ్గర ఒక పల్లెటూరు. నాన్నగారికి 66 ఏళ్లు, తెలుగు మాస్టారుగా పదవీ విరమణ చేశారు. ముందురోజు రాత్రి 10 గంటల 15 నిమిషాలకు హైదరాబాదులో ఉన్న నాతో ఫోన్లో మామూలుగా మాట్లాడి పడుకున్నారు. ఉదయం 5 గంటల 20 నిమిషాలకు అమ్మ కాఫీ పట్టుకుని వెళ్లేసరికి మంచం మీద ఒక పక్కకు ఒరిగిపోయి ఉన్నారు. మూతి వంకర పోయింది, కుడి చెయ్యీ కాలూ కదలడం లేదు, అమ్మ పిలుస్తుంటే కళ్లు తిప్పి చూస్తున్నారు గాని ఒక్క మాట కూడా రావడం లేదు.

అమ్మ కంగారులో మొదట ఊళ్లోని ఆర్‌ఎంపీ డాక్టరుకు ఫోన్ చేస్తే, ఆయన వెంటనే ఒక యాస్ప్రిన్ మాత్ర మింగించమన్నారు. ఆ మాట మంచి మనసుతోనే చెప్పారని నమ్ముతున్నాను. కాని అప్పటికి అక్క ఫోన్ చేసి పిలిపించిన 108 వాహనం వచ్చేసింది, అందులోని అబ్బాయి ఆ మాత్రను వేయనివ్వలేదు. మింగే శక్తి ఉందో లేదో తెలియనప్పుడు నోట్లో ఏమీ వేయకూడదని, లోపల రక్తం చిట్లి ఉంటే ఆ మాత్ర మరింత కీడు చేస్తుందని, స్కాన్ చూడకుండా ఏదీ ఇవ్వకూడదని నెమ్మదిగా చెప్పాడు. వేలి చివర గుచ్చి షుగర్ చూశాడు. షుగర్ బాగా పడిపోయినా పక్షవాతంలాగే కనిపిస్తుందట. తరువాత అమ్మను అతడు అడిగిన ప్రశ్న, ఆయన్ని చివరిసారి బాగా ఉండగా ఎప్పుడు చూశారని. నా ఫోన్ సంగతి విని ఆ సమయాన్ని కాగితం మీద రాసుకున్నాడు. ఆ ఒక్క అంకె తరువాత ప్రతి ఆసుపత్రిలోనూ అక్కరకు వచ్చింది. ఆ అబ్బాయికి మా మొదటి కృతజ్ఞతలు.

ఏలూరులో ఆసుపత్రి గుమ్మం దగ్గరే స్ట్రెచర్‌ను అందుకున్న వార్డుబాయ్ నాన్నగారిని క్యాజువాల్టీ మంచం మీదకు మార్చకుండా నేరుగా సీటీ స్కాన్ గదికి తీసుకుపోయాడు. లోపలికి వచ్చింది 6 గంటల 20 నిమిషాలకు, స్కాన్ మొదలైంది 6 గంటల 27 నిమిషాలకు. రాత్రంతా డ్యూటీలో ఉన్న టెక్నీషియన్, తల కదల్చకుండా ఉండలేని మనిషికి అటూ ఇటూ మెత్తలు పెట్టి, నుదుటికి పట్టీ వేసి, మా బావగారి చేత ఆయన చెయ్యి పట్టించి, చెదరని చిత్రాన్ని మొదటిసారికే తీశారు. మెదడు సీటీ అంటే ఒకటి రెండు నిమిషాల పని అని అందరూ అంటారు. ఆ రెండు నిమిషాలు పనికివచ్చేలా చేయడం ఎంత నేర్పో ఆ రోజు మా బావగారు కళ్లారా చూశారు.

ఆ మొదటి చిత్రం ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి తీస్తారు: లోపల రక్తం చిట్లిందా, లేదా? బయటికి కనిపించే లక్షణాలను బట్టి ఈ సంగతిని ఎంత అనుభవమున్న డాక్టరైనా నిశ్చయంగా చెప్పలేరు. రక్తనాళం గడ్డతో మూసుకుపోయినా, చిట్లి రక్తం కారినా మూతి అలాగే వంకర పోతుంది, చెయ్యి అలాగే పడిపోతుంది. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. ఒకదానిలో గడ్డను కరిగించాలి, రెండోదానిలో అదే మందు ప్రాణం తీయగలదు. సీటీలో తాజా రక్తం తెల్లగా, వెంటనే కనిపిస్తుంది.

ఇక్కడ మా తాతగారి సంగతి చెప్పక తప్పదు. 1978లో ఆయనకూ ఇలాగే కుడివైపు పడిపోయి, మాట పోయింది. నాలుగేళ్లు మంచంలో ఉండి వెళ్లిపోయారు. ఆయనకు మూసుకుపోయిందా, చిట్లిందా అన్నది ఎవరికీ తెలియలేదు, తెలుసుకునే సాధనం మా ప్రాంతంలో లేదు. మనిషి తల లోపలి భాగాన్ని సీటీ యంత్రంతో మొట్టమొదట చిత్రించింది 1971 అక్టోబరు 1న, లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో. ఆ యంత్రాన్ని రూపొందించిన ఇంజనీరు గాడ్‌ఫ్రీ హౌన్స్‌ఫీల్డ్‌కు, దాని వెనుక గణితాన్ని విడిగా సాధించిన ఆలన్ కార్మాక్‌కు 1979లో నోబెల్ బహుమతి ఇచ్చారు. లండన్‌లో అలాంటి యంత్రం పనిచేయడం మొదలైన ఏడేళ్లకు కూడా మా తాతగారికి దక్కని ఆ జవాబు, నాన్నగారికి ఆసుపత్రి గుమ్మం దాటిన పది నిమిషాలలోపే దక్కింది.

రక్తం లేదు. అంటే గడ్డే. ఆ వేళకు ఆసుపత్రిలో రేడియాలజిస్టు, అంటే స్కాన్ చిత్రాలను చదివే డాక్టరు, లేరు. టెక్నీషియన్ పంపిన చిత్రాలను ఆ డాక్టరుగారు ఇంట్లో ఉండి కంప్యూటర్ మీద చూసి, ఆరు నిమిషాలలో ఫోన్ చేశారు. మెదడులో ఎడమవైపున్న పెద్ద రక్తనాళాలలో ఒకటైన మిడిల్ సెరిబ్రల్ ఆర్టరీ మామూలుకన్నా తెల్లగా, ఒక చిన్న పుల్లలాగా కనిపిస్తోందని, అది లోపల ఇరుక్కున్న గడ్డ కావచ్చునని చెప్పారు. మెదడులో ఆ రక్తనాళం తడిపే ప్రాంతాన్ని పది భాగాలుగా విభజించి, దెబ్బతిన్న ప్రతి భాగానికీ ఒక మార్కు తగ్గించే లెక్క ఒకటి ఉంది, దాన్ని యాస్పెక్ట్స్ అంటారు. నాన్నగారికి పదికి ఎనిమిది వచ్చింది. మొదటి గంటల్లో సీటీలో ఆ దెబ్బ పొగమంచులో గట్టులాగా లీలగా మాత్రమే తెలుస్తుందని, మెదడులోని బూడిదరంగు పదార్థానికి తెల్లటి పదార్థానికి మధ్య హద్దు కాస్త చెరిగినట్లు ఉండడమే దాని గుర్తు అని తరువాత విన్నప్పుడు, నిద్రలోంచి లేచి ఆ తేడాను పట్టుకున్న ఆ కళ్లకు ఎలా నమస్కరించాలో నాకు తెలియలేదు.

గడ్డను కరిగించే ఇంజక్షన్ ఎందుకు వేయలేదని తరువాత చాలామంది అడిగారు. బాగా ఉండగా చూసిన చివరి సమయం నుంచి నాలుగున్నర గంటలలోపు ఆ మందు ఇవ్వడం సాధారణ నియమం. నిద్రలో వచ్చిన పక్షవాతానికి లెక్క పడుకున్న సమయం నుంచే మొదలవుతుంది, అప్పటికే ఎనిమిది గంటలు దాటింది. ఎమ్మారైలో కొన్ని ప్రత్యేక చిత్రాలను పోల్చి చూస్తే పక్షవాతం వచ్చి ఎంతసేపయిందో అంచనా వేయవచ్చు, కాని ఆ వేళకు అక్కడ ఆ వీలు లేదు. అందువల్ల ఏలూరు డాక్టర్లు అక్కడే కాలయాపన చేయకుండా, గడ్డను తీగతో బయటికి లాగే సదుపాయమున్న విజయవాడ ఆసుపత్రికి ఫోన్ చేసి, మనిషి బయలుదేరకముందే చిత్రాలను పంపించారు. ఆ హడావిడిలో ఒక నర్సమ్మ నాన్నగారి ఎడమ మోచేతి మడత దగ్గర లావుపాటి సూది పెట్టి పంపారు. అక్కడ రక్తనాళాలు చిత్రంలో తెలిసేలా చేసే కాంట్రాస్ట్ మందును వేగంగా ఎక్కించాలి, చేతి వెనుక పెట్టిన సన్న సూది ఆ ఒత్తిడికి ఆగదని ముందే ఆలోచించారు. ఎవరూ అడగని ఆ పని విజయవాడలో కొన్ని నిమిషాలను మిగిల్చింది. పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు వైద్యం లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ సుమారు 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో ప్రచురితమైన ఒక అంచనా చెబుతోంది. ఆ లెక్కన చూస్తే ఆ సూది విలువ ఎంతో మీరే ఊహించుకోండి.

విజయవాడలో నాన్నగారు 7 గంటల 55 నిమిషాలకు చేరితే, 8 గంటల 4 నిమిషాలకు సీటీ బల్ల మీద ఉన్నారు. ఆయనకు మధుమేహం ఉంది గనుక కాంట్రాస్ట్ వల్ల కిడ్నీలకు ప్రమాదమేమోనని నేను కారులోంచి ఫోన్లో అడిగాను. కిడ్నీ పరీక్షకు రక్తం తీశామని, దాని రిపోర్టు కోసం ఆగితే మెదడు ఆగదని అక్కడి డాక్టరమ్మ ఒక్క నిమిషంలో నాకు అర్థమయ్యేలా చెప్పి, నా ఒప్పుకోలు తీసుకున్నారు. ఛాతీ పైభాగం నుంచి నడినెత్తి దాకా రక్తనాళాలను చూపించే సీటీ యాంజియోగ్రామ్ తీశారు. గడ్డ ఏలూరు రేడియాలజిస్టు గారు చెప్పిన చోటే ఉంది. ఆ వెంటనే పర్‌ఫ్యూజన్ స్కాన్ చేశారు. కాంట్రాస్ట్ మెదడులోకి వచ్చి వెళ్లే తీరును సుమారు ఒక నిమిషం పాటు మళ్లీ మళ్లీ చిత్రించి, ఏ భాగానికి రక్తం ఎంత అందుతోంది, ఎంత ఆలస్యంగా అందుతోంది అన్నది రంగుల్లో చూపించే స్కాన్ ఇది.

దాని అర్థాన్ని ఆ డాక్టరమ్మ మా బావగారికి మా డెల్టా మాటల్లోనే చెప్పారట. పెద్ద కాలువ పూడిపోయినా పక్క బోదెల గుండా చివరి పొలానికి కాస్త నీరు అందుతూ ఉంటే పైరు వాడుతుంది గాని వెంటనే ఎండిపోదు, నాన్నగారి మెదడులో పక్క రక్తనాళాలు రాత్రంతా అలాగే కాపాడాయి అన్నారు. స్కాన్ లెక్క ప్రకారం అప్పటికే చచ్చుబడిన భాగం 18 మిల్లీలీటర్లు. రక్తం చాలక మూగబోయి, ఇంకా బతికే ఉన్న భాగం 112 మిల్లీలీటర్లు. మాట ఆ 112లోనే ఉంది.

పెద్ద రక్తనాళం మూసుకుపోయినప్పుడు గడ్డను తీగతో తీయడం మేలని 2015లో ఐదు అధ్యయనాలు వరుసగా తేల్చాయి. అవి ప్రధానంగా మొదటి గంటలకు సంబంధించినవి. ఆలస్యంగా వచ్చినవారిలో కూడా, స్కాన్‌లో కాపాడుకోగల భాగం మిగిలి ఉన్నదని తేలితే, ఆ చికిత్స పనిచేస్తుందని చూపించినవి 2018లో వెలువడిన డాన్, డిఫ్యూజ్-3 అధ్యయనాలు. డాన్‌లో 6 నుంచి 24 గంటల మధ్య వచ్చినవారిని ఈ విధంగా చిత్రాలను బట్టి ఎంచుకుంటే, మూడు నెలలకు తమ పనులు తాము చేసుకోగలిగినవారు గడ్డ తీసినవారిలో 49 శాతం, మందులతోనే సరిపెట్టినవారిలో 13 శాతం. ఈ అంకెలు నేను తరువాత చదివాను. ఆ ఉదయం మాకు తెలిసిందల్లా, గడియారం చూసి వద్దనవలసిన మనిషిని, చిత్రం చూసి లోపలికి తీసుకున్నారని మాత్రమే.

ఏలూరు నుంచి చిత్రాలు ముందే వచ్చాయి గనుక, రక్తనాళాల గుండా చికిత్స చేసే క్యాత్‌ల్యాబ్ సిబ్బంది అప్పటికే ఇళ్ల నుంచి వచ్చి సిద్ధంగా ఉన్నారు. 8 గంటల 50 నిమిషాలకు గజ్జల దగ్గరి రక్తనాళంలో సూది దింపి, కదిలే ఎక్స్‌రే చిత్రాన్ని తెర మీద చూస్తూ సన్నని గొట్టాన్ని మెదడు దాకా నడిపించారు. రెండో ప్రయత్నంలో గడ్డ వచ్చింది. 9 గంటల 24 నిమిషాలకు తెర మీద ఎడమవైపు కొమ్మలన్నీ మళ్లీ నిండాయి. బావగారు పంపిన ఆ రెండు చిత్రాలు, ముందుదీ తరువాతదీ, నందిగామ దాటుతుండగా నా ఫోన్లోకి వచ్చాయి. కారు పక్కకు ఆపించి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

ఆ తరువాత మాకు ఒక భయంకరమైన మధ్యాహ్నం గడిచింది. చికిత్స అయ్యాక తీసిన సీటీలో ఎడమవైపు లోతుగా ఒక తెల్లటి మచ్చ కనిపించింది. తెలుపు అంటే రక్తమని ఉదయం నుంచి నేర్చుకున్న మాకు కాళ్లలో సత్తువ పోయింది. అక్కడి రేడియాలజిస్టు గారు మమ్మల్ని తన గదికి పిలిచి, దెబ్బతిన్న కణజాలంలోకి కాంట్రాస్ట్ ఊరినా అలాగే తెల్లగా కనబడుతుందని, కాంట్రాస్ట్ అయితే ఒక రోజులో కరిగిపోతుందని, రక్తమైతే నిలిచి ఉంటుందని, 24 గంటల తరువాత మళ్లీ చూసేదాకా రక్తాన్ని పలచబరిచే మందులు మొదలుపెట్టబోమని చెప్పారు. నిశ్చయంగా చెప్పలేని విషయాన్ని నిశ్చయంగా చెప్పలేనని ఒప్పుకుని, ఎప్పటికి చెప్పగలరో చెప్పారు. మాకు అంతకన్నా పెద్ద ధైర్యం ఆ రోజు ఎవరూ ఇవ్వలేదు. మర్నాడు మచ్చ పోయింది. ఆ సాయంత్రమే నాన్నగారు అమ్మను పేరుతో పిలిచారు.

మూడో రోజు ఎమ్మారైలో చూస్తే, శాశ్వతంగా దెబ్బతిన్నది చిన్న భాగమే. గుండె లయ తప్పుతోందని, గడ్డ అక్కడే పుట్టి ఉంటుందని, గుండె కొట్టుకునే తీరును గంటల తరబడి నమోదు చేసే హోల్టర్ పరీక్షలో తేలింది. దానికి ఇచ్చే మందును ఎన్నో రోజున మొదలుపెట్టాలన్నది కూడా ఎమ్మారైలో కనిపించిన దెబ్బ పరిమాణాన్ని చూసే నిర్ణయించారు.

నాన్నగారు పూర్తిగా మునుపటిలా లేరు. కుడిచేతి వేళ్లు ఇంకా బిగుసుకుంటాయి. కొన్ని మాటలు అందక ఆగిపోతారు, చెంబు అనబోయి తలుపు అంటారు, తప్పని తెలిసి తల అడ్డంగా ఊపి మళ్లీ వెతుక్కుంటారు. రోజూ ఓపికగా పలికించే స్పీచ్ థెరపిస్టు అమ్మాయికి, నడిపించే ఫిజియోథెరపిస్టు గారికి కూడా మేము ఋణపడి ఉన్నాము.

ఆ రోజు తీసిన చిత్రాలన్నింటినీ పేరు తొలగించి, రేడియాలజీ విద్యార్థులకు, కొత్త టెక్నీషియన్లకు చూపించుకోవడానికి అనుమతిస్తారా అని విజయవాడ డాక్టరుగారు పోయిన వారం అడిగారు. నేను సంతకం పెట్టబోతే నాన్నగారు కాగితం తన వైపు లాక్కుని, కుడిచేతిని ఎడమచేత్తో ఆనించుకుని, తన పేరు తానే రాసి ఇచ్చారు.