ఆ లీజు కాగితం మీద ఇప్పుడే సంతకం పెట్టకు

ఒరేయ్ శ్రీనూ,

ఎవరో వచ్చి మీ చెరువు లీజుకి అడిగారనీ, రొయ్యలొద్దు, సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి ఆననంత చిన్న నాచు, పెంచి డీజిల్ తీస్తామన్నారనీ రాశావు కదా. వాళ్ళు చెప్పింది అబద్ధమేమీ కాదురా, కానీ లెక్క చూడకుండా ఊ అనేయకు.

పొద్దున్నే గట్టు మీద నిలబడి నీళ్ళకి రంగు కట్టిందా లేదా అని చూస్తామే, ఆ రంగు చాలావరకు వీటిదే. హేచరీల్లో రొయ్య పిల్లలకి మేపే కీటోసిరాస్ కూడా ఈ కోవదే. ఎండ, కాస్త నత్రజని, భాస్వరం, కార్బన్ డయాక్సైడ్ ఉంటే చాలు, పెరిగిపోతాయి. కిలో పొడి సరుకు తయారవడానికి సుమారు 1.8 కిలోల కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుంటాయి, అందుకే కరెంటు ప్లాంటు పొగని గొట్టాల్లో తెచ్చి నీళ్ళలో బుడగలుగా వదులుదాం అన్న ఆలోచన పుట్టింది. దీనికి కట్టేది అడుగు లోతు కూడా ఉండని వంపు కాలువ, నీళ్ళు తిప్పడానికి మన ఏరేటర్ లాంటి తెడ్ల చక్రం.

నీకు లెక్కలంటే పడదు, అయినా చదువు. బాగా పెరిగితే చదరపు మీటరుకి రోజుకి 20 గ్రాములు అనుకో, ఎకరాకి 80 కిలోలు, అంటే రోజుకి 145 కిలోల కార్బన్ డయాక్సైడ్. 100 మెగావాట్ల గ్యాస్ ప్లాంటు పూర్తిగా నడిస్తే గంటకి 40 టన్నుల దాకా వదులుతుంది. అదంతా పట్టాలంటే ఆరువేల ఎకరాలు దాటిపోతుంది! పైగా రాత్రిళ్ళు ఇవి పీల్చుకోవు సరికదా, ఆక్సిజన్ తినేసి తిరిగి కార్బన్ డయాక్సైడే వదులుతాయి. డీఓ, అంటే నీళ్ళలో కరిగిన ఆక్సిజన్, పడిపోతుందని మనం రాత్రంతా ఏరేటర్లు వేసుకుని కూర్చోవడం లేదూ? ఇంకో సంగతి, మన గోదావరి జిల్లాల్లో గ్యాస్ ప్లాంట్లు చాలావరకు గ్యాస్ అందక ఏళ్ళ తరబడి ఖాళీగా పడున్నాయి. మరి వీళ్ళు పొగ ఎక్కడి నుంచి తెస్తారట?

నూనె సంగతికొద్దాం. ఆ 80 కిలోల్లో పావు వంతు నూనె అనుకున్నా రోజుకి ఎకరాకి ఇరవై లీటర్ల చిల్లర. నూనె ఎక్కువ పట్టాలంటే నత్రజని ఆపి మాడ్చాలి, మాడిస్తే ఎదుగుదల తగ్గిపోతుంది. ఇక పట్టుబడి దగ్గరే అసలు తంటా: లీటరు నీళ్ళకి సరుకు అర గ్రాము నుంచి గ్రాము లోపే ఉంటుంది. అన్ని నీళ్ళూ తోడి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, ఎండబెట్టేసరికి కరెంటు బిల్లే తినేస్తుంది. ఎండబెట్టకుండా తడి ముద్దనే 300 డిగ్రీలు దాటిన వేడిలో, గట్టి ఒత్తిడిలో ఉడికించి ముడిచమురు లాంటిది తీసే పద్ధతి కూడా ఉంది. నాకైతే అదే కాస్త నయమనిపిస్తుంది, కానీ అది చెరువు గట్టు మీద జరిగే పని కాదు.

అమెరికా ప్రభుత్వం 1978 నుంచి 1996 దాకా ఈ పని మీద పరిశోధన చేయించి, చేయొచ్చు గానీ పెట్రోలియం ధరతో పోటీ పడలేం అని తేల్చింది. ఎక్సాన్‌మొబిల్ 2009లో 60 కోట్ల డాలర్ల దాకా పెడతామని ప్రకటించి, 2023కల్లా పక్కకి తప్పుకుంది. అంత డబ్బున్నవాళ్ళే వదిలేసింది మన ఉప్పుటేరు పక్కన గిట్టుతుందంటే నేను నమ్మనురా. మనకి తుఫాను వానలు కూడా ఉన్నాయి, ఒక్క రాత్రిలో ఉప్పు శాతం పడిపోయి బ్లూమ్, అంటే పెరిగిన నాచు, మొత్తం క్రాష్ అవుతుంది. ఇంకోటి, ఆ డీజిల్ కాల్చితే పీల్చిన కార్బన్ మళ్ళీ గాల్లోకే పోతుంది, భూమిలోంచి తీసే డీజిల్ ఆ మేరకి తగ్గుతుందంతే.

వాళ్ళు ఇంధనం మాట పక్కన పెట్టి హేచరీలకి మేతగానో, ఒమేగా-3 కోసమో పెంచుతామంటే అప్పుడు ఆలోచించు. ఆ సరుకుకి కిలో రేటు డీజిల్ కంటే చాలా ఎక్కువ. ఏదైనా సరే, కార్బన్ డయాక్సైడ్ ఎవరు తెస్తారు, కరెంటు బిల్లు ఎవరు కడతారు, షీటు పరిచి కాలువలు కట్టాక లీజు అయిపోతే చెరువు మళ్ళీ మామూలుగా చేసి ఇస్తారా, ఈ మూడూ కాగితం మీద రాయించు. ఏడాది లీజు ముందుగా చేతికొచ్చేదాకా వాళ్ళ ప్రొక్లెయిన్‌ని మాత్రం గట్టు ఎక్కనివ్వకు. కాగితం ఫొటో తీసి పంపు, నేనూ చదువుతాను. అమ్మని అడిగానని చెప్పు.

నీ
రాజు