16 టైల్స్, ఒకే గీత

ఒరేయ్ సీనూ,

ఇన్నాళ్ళూ జవాబు రాయనందుకు తిట్టుకో, కానీ ఇది మొత్తం చదివాక తిట్టుకో. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గింది, బుజ్జిగాడు బడికి పోతున్నాడు, మావిడి చెట్టు ఈసారి బాగా కాసింది. ఇక అసలు సంగతి.

నువ్వు రాస్తున్న నేలమాళిగ కంప్యూటర్ ఆటకి నాలుగు బిట్ల టైల్స్, అదే పక్కపక్కన పేర్చే చదరపు గడులు, పెట్టావు కదా: ఏ వైపు దారి ఉంటే ఆ అంకె కలపాలి, పైన 1, కుడి 2, కింద 4, ఎడమ 8, మొత్తం 16 బొమ్మలు. అవే 16 మన మెలికల ముగ్గులో ఉన్నాయిరా! ప్రతి చుక్కా ఒక టైలు. చుక్కకి ప్రతి పక్కా గీత పక్క చుక్క వైపు దాటితే 'మెలిక', బిట్ 1. దాటకుండా గుండ్రంగా తిరిగొస్తే 'గోడ', బిట్ 0. నాలుగూ గోడలైతే సున్న, నాలుగూ మెలికలైతే వజ్రం, ఒక్కటే మెలికైతే నీటిబొట్టు. తిప్పితే ఒకటే అయ్యేవి తీసేస్తే మిగిలేవి 6 బొమ్మలే. ముగ్గుల్ని కంప్యూటర్ వ్యాకరణంగా చూడటం కొత్తేం కాదులే. గిఫ్ట్ సిరొమొనీ, రాణీ సిరొమొనీ, కమలా కృతివాసన్ 1974లోనే దీనిమీద పేపరు రాశారు. మన ఆటల టైల్స్‌తో ఇంత సూటిగా అతుకుతుందని చూసేసరికి మాత్రం నాకు కాలు నిలవలేదు.

టైల్స్ చేత్తో గీయకు. 64 పిక్సెళ్ళ గడి, చుక్క (32,32) దగ్గర, అంటే ఎడమ నుంచి 32, పైనుంచి 32. ఒక్కో టైలుకి నాలుగు ముక్కలు. పై-కుడి ముక్క చెప్తా, మిగతా మూడూ దాన్ని తిప్పితే వచ్చేస్తాయి. రెండు పక్కలా మెలికైతే (32,0) నుంచి (64,32)కి తిన్నని గీత. రెండూ గోడలైతే (32,12) నుంచి (52,32)కి 20 వ్యాసార్ధంతో పావు వృత్తం. పైన మెలిక, కుడివైపు గోడ అయితే (32,0) నుంచి (52,32)కి బెజియే వంపు, దాన్ని తనవైపు లాగే కంట్రోల్ పాయింట్ (52,20). పైన గోడ, కుడివైపు మెలిక అయితే (32,12) నుంచి (64,32)కి, కంట్రోల్ (44,12). ఆ అంకెలు ఎందుకంటే, అంచు దగ్గర గీత కచ్చితంగా 45 డిగ్రీల్లో ఉండాలి. లేకపోతే రెండు టైల్స్ కలిసేచోట మోచెయ్యి విరిగినట్టు కనపడుతుంది.

ఇంకో తిప్పలు ఉంది. గీత మందం 6 అనుకో, అంచు దగ్గర ఆపేస్తే మూలలో చిన్న ముక్కోణపు గంటు పడుతుంది. గీతని అంచు దాటించి 4 పిక్సెళ్ళు పొడిగించి, ఆ తర్వాత గడి హద్దుకి కత్తిరించు. ఆటలు తయారుచేసే గోడాట్‌లో టెర్రెయిన్ మోడ్ 'మ్యాచ్ సైడ్స్' పెట్టు, అంటే టైల్స్ అతికేటప్పుడు పక్కలు మాత్రమే చూస్తుంది. మూలలు కూడా లెక్కలోకి తీసుకుంటే 47 టైల్స్ అవుతాయి, మనకవి అక్కర్లేదు.

ఇప్పుడు అసలు పండుగ. ముగ్గంతా చెయ్యి ఎత్తకుండా ఒకే గీతతో రావాలి. దీర్ఘచతురస్రంలో అన్నీ మెలికలే పెడితే ఎన్ని గీతలొస్తాయో తెలుసా? రెండు వైపుల చుక్కల గ.సా.భా.! 5×7కి 1, 4×6కి 2, 4×4కి 4. ఆ లెక్కల మేష్టారు, అదే మన 'చాక్‌పీసు చక్రవర్తి', ఇది వింటే బల్ల ఎక్కేవాడు.

కానీ అన్నీ మెలికలే అయితే ప్రతిసారీ అదే ముగ్గు. కొత్తవి కావాలంటే 4×4లో పక్కపక్క చుక్కల మధ్య ఉన్న 24 చోట్లా గోడా మెలికా అని బొమ్మాబొరుసు వెయ్యి. 1,67,77,216 రకాలు వస్తాయి, చాలావాటిలో గీతలు తెగిపోయి ఉంటాయి. కలిపే కిటుకు ఇది: రెండు వేర్వేరు గీతలు పక్కపక్కన తగిలే చోటు వెతుకు. అక్కడ మెలికుంటే గోడ చెయ్యి, గోడుంటే మెలిక చెయ్యి. ఎలా మార్చినా ఆ రెండూ ఒకటైపోతాయి! గీతల లెక్క కచ్చితంగా ఒకటి తగ్గుతుంది. ఒకటయ్యేదాకా అదే పని. మధ్యలో ఇరుక్కోదు, ఎందుకంటే ఏ చోటా రెండు వేర్వేరు గీతలు తగలడం లేదంటే ప్రతి చుక్క చుట్టూ, దాని పక్క చుక్క చుట్టూ ఉన్నదీ ఒకే గీతే అన్నమాట, అంటే పని ఎప్పుడో అయిపోయింది. ఎంత అందంగా ఉందో చూడరా!

గీతలు లెక్కపెట్టడానికి ఒక్కో చుక్కకి ఆ నాలుగు ముక్కలకీ నంబర్లివ్వు, చుక్క నంబరు×4+మూల నంబరు. 4×4కి 64 వస్తాయి. పైన గోడైతే పై-కుడి ముక్కని అదే చుక్క పై-ఎడమకి కలుపు. మెలికైతే పై చుక్క కింది-ఎడమ ముక్కకి కలుపు. కలిపినవన్నీ ఒకే గుంపులో చేర్చే యూనియన్-ఫైండ్ పద్ధతి నడిపితే ఎన్ని గుంపులుంటే అన్ని గీతలు. ఇక్కడ చాలామంది కింది-కుడికి కలిపేస్తారు. అప్పుడు గీత దాటే బదులు వెనక్కి విరుగుతుంది, లెక్క మొత్తం తప్పుతుంది.

ఎడమా కుడీ ఒకేలా ఉండాలని చూసుకోకుండా జంటగా మార్చబోకు. మొదటి మార్పుతో గీతలు కలిసిపోయాక, రెండోచోట అదే గీత తనకి తాను తగులుతూ ఉండొచ్చు. అక్కడ మారిస్తే మళ్ళీ రెండుగా చీలే ప్రమాదం ఉంది. జంట మార్చిన ప్రతిసారీ లెక్క మళ్ళీ చూసుకుని, తగ్గకపోతే వెనక్కి తీసుకో.

సందు చుక్కలు 1-2-3-2-1 ఉంటే భయపడకు. 45 డిగ్రీలు తిప్పితే అది 3×3 గడే. 15 నుంచి 8 దాకా పెట్టే పెద్ద ముగ్గులో మాత్రం లోపలి చుక్కకి ఆరు పక్కలు, అంటే 64 టైల్స్, దానికి వేరే...

అన్నట్టు పెన్నుతో గీసే యంత్రం ప్లాటర్‌కి ఇచ్చేముందు ఆ పావు ముక్కలన్నీ వరసగా కలిపి తెగని ఒకే పాత్ చెయ్యి, లేకపోతే ముక్క ముక్కకీ పెన్ను లేస్తుంది. లేజర్‌తో స్టెన్సిల్ కోసేట్టయితే గీత పూర్తిగా కోయకు, లోపలి ముక్కలన్నీ రాలిపోతాయి. అక్కడక్కడ 3 మిల్లీమీటర్ల వంతెనలు వదులు. మెలికల మీద కాదు, తిన్నగా ఉన్నచోట. ఫైళ్ళు 'చేపల చెరువు' ఫోల్డరులో పెట్టా, ఎందుకో నీకు తెలుసు.

ఆటలో దీన్ని పజిల్‌గా పెడితే, ఆడేవాడు ఒక్కో చోటు నొక్కి మెలికని గోడగా మారుస్తూ... అయ్యో, బస్సు వచ్చేసింది. మిగతాది ఫోన్లో.

నీ
రాజు